మధ్యాహ్న గోష్ఠి : కొరియావారి సవతి కథ



గడచిన సంచికను చదివిన పిమ్మట వికారాబాదున మా వీధి గృహిణి యొకతె నన్ను కుళాయివద్ద నిలువరించి, "అక్కా, నీ పురాణాలు మంచిగనే ఉన్నయి గాని, మేం దినాం సూసే కతల మీద ఎందుకు రాయవు?" అని యడిగినది. ప్రశ్న న్యాయమైనది. భోజనములై, గిన్నెలు కడిగి బోరలించి, మగవారు పనులకు వెడలిన పిదప మనకు మిగులు రెండు గడియలను నేడు టెలివిజనును సెల్‌ఫోనును పంచుకొనుచున్నవి. ఈ కథలు వలదని మందలించు వ్యాసములు మీరు పెక్కు చదివియుందురు; నేనా పనికి పూనుకొనను. నేనును చూచుదాననే. చూచిన కథను గూర్చి నాకు తోచినది చెప్పెదను. మీకు సమ్మతము కాకున్న వాదింపవచ్చును.

నేను చెప్పబోవు కథ మన దేశపుది కాదు, క్రొత్తదియు కాదు. కొరియా దేశమున ఎస్.బి.యస్. అను ప్రసార సంస్థవారు 2003 డిసెంబరు మొదలు 2004 ఫిబ్రవరి వరకు 20 భాగములుగా చూపినది. దాని పేరునకు మన భాషలో "స్వర్గ సోపానము" అని యర్థము చెప్పవచ్చును. దర్శకుడు ఈ జాంగ్‌సూ. ఆసియా ఖండమున ననేక దేశములవారు దీనిని చూచి కంట తడి పెట్టిరి; ఫిలిప్పీను ద్వీపములలో 2009లో తమ నటులతో తమ భాషలో మరల తీసికొనిరి.

దసరా సెలవులలో తాండూరునందు మా చెల్లెలి యింట నేను దీనిని చూచితిని. వికారాబాదునుండి తాండూరునకు రైలుదారిన సుమారు 40 కిలోమీటరులు మాత్రమే యైనను, సంసారము విడిచి పోవలెనన్న నాకది కాశీయాత్రయే. చెల్లెలి కుమార్తె డిగ్రీ చదువుచున్నది. "పెద్దమ్మా, ఒక్క భాగం సూడు, నచ్చకుంటే బందు పెడదాం" అని ఫోనును డబ్బాకు ఆనించి నిలబెట్టినది. తెరపై క్రింది భాగమున ఆంగ్లాక్షరములు పరుగెత్తుచుండగా అది గబగబ చదివి తెనుగున చెప్పుచుండెను. నేనును చెల్లెలును చాటలలో కందిపప్పు ఏరుచు వినుచుంటిమి. (ఈ తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. రుచి మనము ముందే యెరుగుదుము గదా.) ఒక్క భాగముతో నాగునని తలచినది తొమ్మిది మధ్యాహ్నములు పట్టినది.

కథ యిట్లున్నది. జంగ్‌సో యను బాలిక తల్లి లేనిది. గొప్ప వర్తక సంస్థకు వారసుడైన సాంగ్‌జు ఆమెకు బాల్యస్నేహితుడు. వాడు తండ్రిని పోగొట్టుకొన్నవాడు. ఆ పిల్లలిరువురి దుఃఖము ఒక్కటియగుటచే వారి స్నేహము నానాటికి ప్రేమయైనది. ఇట్లుండగా జంగ్‌సో తండ్రి, తే మీరా యను పేరుగల నటిని ద్వితీయ వివాహము చేసికొనును. ఆమెకు ముందు భర్తవలన ఇద్దరు సంతానము: కుమారుడు తేహ్వా, కుమార్తె యూరి. కూతురిని వెంట దెచ్చుకొని కుమారుని విడిచి వచ్చును. భర్త యెదుట ఆ మీరా సవతికూతునకు తినిపించును, చాటున చేయి చేసికొనును. యూరియు తల్లి యడుగుజాడలలోనే నడచును; ఆ పిల్లకు జంగ్‌సో వస్తువులన్నియు కావలెను, తుదకు సాంగ్‌జు కూడ కావలెను.

సాంగ్‌జు విదేశమున చదువు ముగించి తిరిగి వచ్చిన దినముననే యూరి నడపుచున్న కారు జంగ్‌సోను గుద్దును. ఆ దెబ్బకు జంగ్‌సోకు జ్ఞాపకశక్తి పోవును. యూరి వేరొక దగ్ధశవమును జంగ్‌సోదిగా చూపి, ఆమె మరణించినదని అందరిని నమ్మించును. అప్పటికే జంగ్‌సోపై మనసుపడియున్న తేహ్వా, చెల్లెలి పాపమునెరిగియు, ఆమెను తీసికొనిపోయి, జీసూ యని క్రొత్త పేరుపెట్టి, తానును పేరు మార్చుకొని, అయిదేండ్లు లోకమునకు కనబడనీయక కాపాడుకొనును. అయిదేండ్ల పిమ్మట యూరితో నిశ్చితార్థమునకు సిద్ధముగానున్న సాంగ్‌జు జనులలో ఆమెను చూచును. అక్కడినుండి మన చాటలలోని పప్పు ఏరుట ఆగిపోయినది. జ్ఞాపకము తిరిగి వచ్చును, నిజము బయటపడును. అంతలో ఆమె కంటికి క్యాన్సరు సోకి చూపు పోవును. తేహ్వా తన కన్నులు ఆమెకు దక్కుటకై బుద్ధిపూర్వకముగా కారు ప్రమాదమున ప్రాణము విడుచును. చూపు వచ్చినను రోగము పోదు. సముద్రతీరమున సాంగ్‌జు చెంత ఆమె కన్ను మూయును.

జంగ్‌సోగా చ్వే జీవూ, సాంగ్‌జుగా క్వాన్ సాంగ్‌వూ, తేహ్వాగా షిన్ హ్యోన్‌జూన్, యూరిగా కిమ్ తేహీ, మీరాగా ఈ హ్వీహ్యాంగ్ నటించిరి. నటనలో లోపము చెప్పజాలను. కిమ్ తేహీ కన్నులు పెద్దవి చేసినప్పుడెల్ల మా చెల్లెలు "దీని కండ్లల్ల కారం గొట్ట" అని తిట్టుచుండెను. నటికి అంతకన్న బిరుదేమున్నది!

సెలవులు ముగిసి నన్ను తోడ్కొని పోవుటకు వచ్చిన మావారు చివరి భాగమును ద్వారమువద్ద నిలిచి కొంత చూచి, "కన్నులు తీసి కన్నులు పెట్టుట యెక్కడి వైద్యము?" అని పాఠశాలలో ప్రశ్న వేసినట్లు వేసిరి. వారు చెప్పినది నిజమే. నేత్రదానమనగా కన్ను మొత్తమును మార్చుట కాదు. కంటి ముందుండు కార్నియా యను పారదర్శకమైన పొరను మాత్రమే మార్తురు. ఆ పొర చెడినవారికే దానివలన చూపు వచ్చును. దాత మరణించిన కొన్ని గంటలలోగా దానిని సేకరింపవలెను. మన హైదరాబాదున 1987లో నెలకొన్న ఎల్.వి. ప్రసాదు నేత్ర వైద్యాలయమున ఈ చికిత్స వేలకొలది జనులకు జరిగినది. కథకు పనికివచ్చునని క్యాన్సరును కార్నియాను కలిపి వేసిరి, మనము కలుపకుందము.

జ్ఞాపకము పోవుట మాత్రము నాకు వింతగా తోచలేదు. కొరియా కథలలో ఇది తరచుగా వచ్చునట. ఇదే చ్వే జీవూ 2002లో నటించిన "శీతకాలపు గీతము"న నాయకుడే తన్ను తాను మరచును. శకుంతల కథ విన్న మనకు ఇందు క్రొత్తయేమున్నది? ఒకచోట ముని శాపము, మరొకచోట కారు. ఉంగరము దొరకువరకు దుష్యంతుడు నిరపరాధియే. శాపము పేరు చెప్పి కాళిదాసు రాజును కాపాడెను. ఈ "కాపాడుట" యను మాటను గుర్తుంచుకొనుడు; దీనితో నాకు ముందు పనియున్నది.

ఈ కథ ప్రేమను, ఆశను, అసూయను ఎట్లు పంచినదో చూడుడు. ప్రేమ నాయికానాయకులకు. ధనాశ సవతితల్లికి. అసూయ సవతిచెల్లెలికి. పెండ్లిలో పసుపు కుంకుమలు పంచినట్లు ఎవరి పొట్లము వారికిచ్చి పంపివేసినారు. జంగ్‌సో హృదయమున గోరంత యీర్ష్య యుండదు. తన వస్తువు లాగికొన్నను నవ్వును, కొట్టినను తండ్రికి చెప్పదు. మా చెల్లెలు "దేవత" యన్నది. నాకు మాత్రము ఆ పిల్ల నమ్మదగినదిగా కనబడలేదు.

మన పూర్వులు కథ చెప్పిన తీరు వేరు. నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వమున కద్రూ వినతల కథ మీరెరుగుదురు. ఉచ్చైశ్శ్రవము తోక నల్లనిదో తెల్లనిదో యని పందెము వేసి, సర్పములైన కొడుకులను తోకకు చుట్టుకొనుమని పంపి, మోసముచే వినతను దాసిని చేసికొన్నది కద్రువ. దుష్ట యెవరనగా కద్రువయే యని పిల్లలును చెప్పుదురు. కాని దానికి ముందు జరిగినదేమి? కద్రువ గ్రుడ్లన్నియు పిగిలి వేయిమంది కొడుకులు పుట్టిరి; తన రెండు గ్రుడ్లు ఇంకను పిగులలేదని ఓర్వలేక వినత ఒకదానిని తానే పగులగొట్టినది. సగము దేహముతో పుట్టిన అనూరుడు, "నీ యీర్ష్యవలన నన్నిట్లు చేసితివి, నీ సవతికి దాసివగుదువు" అని శపించెను. దాస్యమునకు పునాది వేసినది కద్రువ పందెము కాదు, మంచిదనబడు వినత యసూయ. గాంధారి కూడ కుంతి కొడుకును కన్నదని విని తన గర్భమును తానే మోదుకొన్నది. ఆమెను మనము పతివ్రతలలో లెక్కింతుము. అసూయను ఒక్కతె తలపై నుంచి తక్కినవారిని కడిగిన ముత్యములవలె చూపుట ఆ కవులకు తెలియని విద్య.

ఇక కైక. రాముని పట్టాభిషేకమనగా విని ఆమె మొదట ఆనందించి మంథరకు ఆభరణము బహూకరించినది. మంథర ఆమెను మరలించిన దెట్లు? రాముడు చెడ్డవాడని చెప్పి కాదు. రేపు కౌసల్య రాజమాత యగును, నీవు ఆమెకు ఊడిగము చేయవలసియుండును, నీ కొడుకు రామునికి సేవకుడగును అని చెప్పి. కైక హృదయమున పుట్టినది రామునిపై ద్వేషము గాదు. రేపు నా స్థానమేమి యను భయము. ధ్రువుని కథలో సురుచి పసివాని నాడిన మాట కఠినమైనదే. కాని ఆ కథలో నాకెప్పుడును కోపము వచ్చునది సురుచిపై గాదు, బిడ్డ యేడ్చుచుండ మాటాడక కూర్చున్న తండ్రిపై.

స్వర్గ సోపానమందలి తండ్రియు ఆ యుత్తానపాదుని వంశమువాడే. ఇంట జరుగునదేదియు వానికి కానరాదు.

యూరి వైపునుండి ఒకమారు చూడుడు. స్వంత తండ్రి దరిద్రుడు, జూదరి. అన్న వానివద్దనే యుండిపోయినాడు. తల్లి వెంట పరుల యింట అడుగిడినది. ఆ యింటిలో గోడకు వ్రేలాడు పటమునుండి నాయన ముద్దువరకు సమస్తము వేరొకతెది. తల్లి వివాహము నిలిచిన యూరికి నీడ, చెడినచో మరల ఆ జూదరి గుడిసె. అటుపైన ఆ పిల్ల చేసినది ఘోరమే. కారు దెబ్బకు, శవమును మార్చుటకు నేను క్షమాపణ చెప్పబోను. కాని కథకులు మొదటి నాలుగు భాగములలో ఈ భయమును చూపి, పిమ్మట దానిని మరచిపోయి, అసూయ ఆ పిల్లకు పుట్టుమచ్చయైనట్లు నడిపించిరి.

ఈ భయము గాలిలోనుండి పుట్టినదియు గాదు. ఈ కథ ప్రసారమైన నాటికి కొరియా దేశమున "హోజు" యను పద్ధతి చట్టమున నుండెను. ప్రతి కుటుంబమునకు ఒక యజమాని. స్త్రీ పేరు తండ్రి క్రింద, పెండ్లియైనచో భర్త క్రింద నమోదగును, అతడు గతించిన యెడల కుమారుడే యజమాని. పునర్వివాహము చేసికొన్న స్త్రీ తన వెంట తెచ్చుకొన్న బిడ్డకు క్రొత్త భర్త యింటిపేరు పెట్టుటకు వీలులేకుండెను. స్త్రీలు అనేక సంవత్సరములు పోరాడగా 2005లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము ఆ పద్ధతి చెల్లదని తీర్పు చెప్పెను. 2008 జనవరి మొదటి తేదీనుండి అది రద్దయినది. కూతురునకు కొడుకుతో సమానముగా వారసత్వము మాత్రము 1991 నుండియే వచ్చియుండెను. కావున 2003లో ఆ కథ చూచిన కొరియా యిల్లాండ్రకు యూరి భయము పరిచితమైనదే.

ఇపుడు తేహ్వా సంగతి. నేనీ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము వీడే.

జంగ్‌సో స్మృతి పోయిన రాత్రి ఆమెనుండి దొంగిలించినవారు ఇద్దరు. యూరి ఆమెను చచ్చినదానిగా చేసి వరుని దొంగిలించినది. తేహ్వా ఆమె పేరు దొంగిలించెను, తండ్రిని దొంగిలించెను, ఆమె ప్రేమించినవానిని దొంగిలించెను, అయిదేండ్ల యాయువు దొంగిలించెను. ఆమె నేనెవరినని యడిగినపుడు అబద్ధము చెప్పెను. యూరి చేసినది ఒక్క రాత్రి నేరమైన, వీడు చేసినది అయిదేండ్లు ప్రతి ప్రాతఃకాలమున లేచి చేసిన నేరము. అయినను సంగీతము మారును, వాన కురియును, వాడు కాన్వాసుపై ఆమె బొమ్మ గీయుచుండును; మనము "పాపం, ఎంత ప్రేమించినాడు" అని కొంగుతో కన్నులొత్తుకొందుము. అతడు కన్నులిచ్చెను గదా యని మా చెల్లెలు వాదించినది. ఇచ్చెను. తాను చచ్చి ఋణము వేసి పోయెను. వద్దనుటకైన ఆమెకు అవకాశమీయలేదు. అదియు ఆమెను అడిగి చేసిన పని గాదు.

స్త్రీకి కలిగిన ఆశ అసూయ యగును, పురుషునికి కలిగిన ఆశ ప్రేమ యగును. శకుంతల కథలో శాపము దుష్యంతుని కాపాడినట్లు ఇందు సంగీతము తేహ్వాను కాపాడినది.

"పెద్దమ్మా, మరి నువ్వు సూసెటప్పుడు ఏడ్సినవు గదా" అని మా పిల్ల నన్ను పట్టుకొన్నది. ఏడ్చితిని. ఏడ్చుట వేరు, తీర్పు చెప్పుట వేరు.

ఇది కొరియావారి దోషము మాత్రమే యనుకొనకుడు. మన తెలుగిండ్లలో రాత్రి వంట త్వరపెట్టిన "కార్తీక దీపము"ను తలచుకొనుడు. 2017 అక్టోబరునుండి 2023 జనవరి వరకు స్టార్ మా వారు ప్రసారము చేసిరి. మలయాళమునందలి "కరుత్తముత్తు" దానికి మూలము, రెండింటను నాయిక ప్రేమీ విశ్వనాథే. నల్లని దీప, వైద్యుడు కార్తీక్, వానిపై ఆశపడిన మోనిత. కార్తీకునకు సంతానయోగ్యత లేదని మోనిత తప్పుడు నివేదిక పుట్టించగా, గర్భవతియైన భార్యను వాడు అనుమానించి దూరము చేసికొనెను. ఇల్లు విడిచిన దీప వంటలు వండి బ్రతికి "వంటలక్క"యైనది. దేశమందలి యిల్లాండ్రందరు ఏండ్లకొలది మోనితను తిట్టిరి. మోనిత తిట్లకు అర్హురాలే. కాని ఒక కాగితమును నమ్మి భార్యను నమ్మనివాడు ఎవడు? వైద్యుడై యుండి రెండవమారు పరీక్ష చేయించుకొనవలెనని వానికేల తోచలేదు? మా వీధిలో దీనిని గూర్చి యడిగినపుడు "ఆయన మంచోడే, గా మోనితనే చెడగొట్టింది" యను సమాధానమే వచ్చినది. కార్తీకుని కాపాడుటకు మోనిత కావలసివచ్చెను.

అయినను కార్తీక దీపము ఒక విషయమున కొరియా కథకంటె మేలని నా యభిప్రాయము. దీపకును సవతితల్లి కలదు, భాగ్యము. మొదట ఆమె మీరావలెనే యుండెను: ఈసడింపు, చాకిరి, సొంత కూతురునకొక తీరు, సవతికూతునకొక తీరు. కాని కథ పదునైదు వందల భాగములు దాటినది. అంతకాలము ఒక మనిషిని ప్రతిదినము చెడ్డదానినిగా చూపుట కష్టము. భాగ్యము మెల్లమెల్లగా మారినది, నవ్వించినది, దీప పక్షమున నిలిచి పోట్లాడినది. ఉమాదేవి ఆ పాత్రను పోషించిన తీరున ఆ మార్పు వింతగా కనబడలేదు, మన వీధిలోనే జరిగినట్లుండెను. కథ సాగదీసిరని మనమందరము విసుగుకొంటిమి. నిజమే, ఒక్క తలుపు తీయుటకు మూడు దినములు పట్టిన సందర్భములు కలవు. ఆ సాగదీతలోనే ఒక సవతితల్లికి మారుటకు తీరిక దొరకినది. 20 భాగములలో ముగియవలసిన మీరాకు అట్టి తీరిక దొరకలేదు.

కొరియావారు హద్దుమీరిన యిట్టి కథలను 2008 ప్రాంతమునుండి "మక్‌జాంగ్" అని పిలుచుట వాడుకయైనది. ఆ మాటకు గనిలో త్రవ్వుచు పోగా తగులు కట్టకడపటి చోటు అని యర్థము. ఆ దేశపు బొగ్గు సంస్థ అధ్యక్షుడు 2009లో దీనికి అభ్యంతరము చెప్పెను. మా కార్మికులు చెమటోడ్చి యన్నము సంపాదించు స్థలమును చెడ్డ కథలకు పేరుగా వాడుట తగదని ఆయన వాదము. బండల గనులనడుమ పెరిగిన తాండూరు స్త్రీలకు ఈ సంగతి చెప్పగా వెంటనే ఆయన పక్షము వహించిరి.

వారిలో నొకతెను గూర్చి చెప్పవలెను. పేరు చెప్పను. మా చెల్లెలి వీధిలోనిదే. భర్త బండల పాలిషు చేయు చోట పనివాడు. మొదటి భార్య గతించి ఎనిమిదేండ్ల కూతురున్నది. ఈమె వితంతువు, ఆరేండ్ల ఆడబిడ్డతో వచ్చి అతనిని వివాహమాడినది. ఇట్టి వివాహము చేసికొన్నందుకు ఇద్దరిని మెచ్చుకొనవలెను గదా. వీధివారు మెచ్చిన విధమేమనగా, మొదటి నెలలోనే ఆ పెద్దపిల్లను చాటుకు పిలిచి, "కొడుతున్నదా? తిండి పెడుతున్నదా?" యని యడుగుట. పిల్ల ఏమని చెప్పును? ఒకనాడు ఈమె జ్వరమునకు మందు కలిపి పాలిచ్చినచో, "నువ్వు ముందుగాల తాగు" అన్నదట. ఏ సీరియలులో చూచినదో, ఎవరు నేర్పిరో తెలియదు. ఆమె త్రాగి చూపినది. ఆ రాత్రి తానేమియు తినలేదని మా చెల్లెలితో చెప్పినది.

ఆమెయు మధ్యాహ్నము మా వెంట కూర్చుండి స్వర్గ సోపానము కొన్ని భాగములు చూచినది. మేమందరము మీరాను తిట్టుచుండ తాను తిట్టలేదు. చివరకు మా పిల్లను ఒక్క ప్రశ్న యడిగినది: "గా యూరి సొంత నాయన యాడున్నడు?" జూదరియని, బీదవాడని మా పిల్ల చెప్పగా, "గట్లయితే ఆ పిల్లకు ఎనకకు పోయే తొవ్వ లేదన్నట్టు" అని, రొట్టెలకు పిండి కలుపవలెనని లేచిపోయినది. నేను పైన ఇన్ని మాటలు వ్రాసితిని గాని, ఆ యాలోచనకు మొదలు ఆమె మాటయే.

తొవ్వ యనగా మన చట్టములో నున్న తొవ్వ యేదో తెలిసికొని యుండుట మంచిది, ఏలయన ఇట్టి కుటుంబములు వికారాబాదు, తాండూరులలో అరుదుగా లేవు. నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వకాలమున 1986లో చేసిన సవరణచే ఉమ్మడి ఆస్తిలో పెండ్లి కాని కూతురునకు కొడుకుతో సమానమైన హక్కు మన ప్రాంతమున వచ్చినది. 2005లో దేశమంతటికిని, పెండ్లియైనవారికిని వచ్చినది. కావున పైన చెప్పిన యింటిలో ఉమ్మడి యాస్తి యున్నచో దానిలో పెద్దపిల్లకు హక్కు స్థిరముగనే యున్నది. రెండవ భార్యకును, వివాహము చట్టబద్ధమైనంతవరకు, భార్యగా భాగము కలదు. కాని ఆమె వెంట వచ్చిన చిన్నపిల్లకు? 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, భార్య ముందు భర్తవలన కనిన బిడ్డ రెండవ భర్తకు వారసురాలు కాదు. అతడు ఎంత ప్రేమగా పెంచినను, బడిలో తండ్రి స్థానమున సంతకము చేసినను, చట్టము దృష్టిలో ఆ బిడ్డ పరాయిదే.

దీనికి దారి లేకపోలేదు. అతడు తన స్వార్జితమునుండి ఆ పిల్లకు ఇంత యని వీలునామా వ్రాయవచ్చును, లేదా బ్రతికియుండగనే దానపత్రము వ్రాసి యీయవచ్చును. దానపత్రమునకు రిజిస్ట్రేషను తప్పదు. వీలునామాకు అది తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల యెదుట తాను సంతకము చేసి, వారిచే సంతకములు చేయించిన తెల్ల కాగితమైనను చెల్లును. పిమ్మట తగవులు రాకుండుటకు రిజిస్ట్రేషను చేయించుటయే మేలని ప్లీడర్లు చెప్పుదురు. సబు రిజిస్ట్రారు కచేరీ వికారాబాదునను కలదు, తాండూరునను కలదు. ఈ సంగతి మా చెల్లెలు ఆమెకు చెప్పినది. భర్తతో ఎట్లు ప్రస్తావింపవలెనో తెలియక ఆమె ఇంకను ఆలోచించుచున్నదట. అడిగినచో ఆస్తికై వచ్చినదని వీధివారందురేమో యని ఆమె భయము.